బ్లాస్టింగుకు ఉలిక్కిపడే పిల్ల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లల్ని చూసుకునే మనిషికి ఇంత కోపం పనికిరాదని మా కాలనీలో చాలామంది మొహం మీదే చెప్పారు. వాళ్లకు తెలియనిదేమిటంటే, పదిహేనేళ్లలో నా కోపం ఒక్క పిల్ల మీద కూడా పడలేదు. అదంతా పెద్దవాళ్ల వాటా. ఏడుస్తున్నా వినకుండా నోట్లో అన్నం కుక్కే అమ్మల మీద, పడుకున్న పిల్లను బుగ్గ గిల్లి లేపే చుట్టాల మీద, నా ఎదురుగానే "ఆయా వచ్చిందా?" అని అడిగే మగవాళ్ల మీద రోజూ ఖర్చయిపోతుంది. పిల్ల దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర ఓపిక ఒక్కటే మిగులుతుంది.

గోదావరిఖనిలో ఇప్పటికి పదకొండు మంది పిల్లలు నా చేతుల మీదుగా నడక నేర్చారు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "పిల్లల్ని పెంచుత" అంటాను. "అంటే పనికి పోతవా?" అంటారు. "నువ్వు పోతలేవా పనికి?" అని తిరిగి అడుగుతాను.

మొదలైంది మాత్రం మొహమాటంతోనే. మా ఆయన భూగర్భ గనిలో, మా మాటలో బాయిలో, డ్రిల్లింగు పని చేసేవాడు. మా అమ్మాయిలిద్దరూ హైస్కూలుకు వెళ్లే రోజులవి. పొద్దంతా ఇంట్లో ఒక్కదాన్నే. పక్క క్వార్టర్‌లోని అమ్మాయికి తండ్రి బదులు ఉద్యోగం వచ్చింది, గని ఆఫీసులో. నాలుగు నెలల బాబును చంకనేసుకుని వచ్చి, "అక్కా, మా అమ్మ వచ్చేదాక ఒక్క నెల సూస్తవా?" అంది. వాళ్లమ్మ రాలేదు. ఆ నెల మూడేళ్లయింది. ఆ బాబు బడికి వెళ్లిన రోజు నేను మంచమెక్కి ఏడ్చాను. మా ఆయన ఇంకో క్వార్టర్‌లో ఇంకో పిల్ల ఉందని కబురు తెచ్చేదాకా లేవలేదు.

తర్వాత కరీంనగర్‌లో పిల్లల సంరక్షణ మీద శిక్షణ ఇస్తున్నారని తెలిసి చేరతానన్నాను. మా ఆయన పడీ పడీ నవ్వాడు. "ఇద్దరు బిడ్డల్ని పెంచినవు. ఇంక నేర్సుకునుడు ఏముందే?" అన్నాడు. చాలా ఉంది. గొంతులో గింజ అడ్డుపడితే పిల్లను ఎలా బోర్లా పట్టుకోవాలో నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు. ఇద్దరు బిడ్డల్ని దేవుడి మీద భారం వేసి పెంచేశానని అప్పుడు తెలిసింది. ఏ నెలలో పిల్ల ఏం చేయాలి, చేయకపోతే ఎప్పుడు కంగారుపడాలి అన్నదీ అక్కడే నేర్చుకున్నాను. అన్నిటికంటే పనికొచ్చింది రాయడం. అక్కడ పాఠం చెప్పే మేడమ్ రోజూ ఒకే మాట అనేది: చూసింది రాయండి, అనుకున్నది రాయకండి. అప్పట్నుంచి ఒక్కో పిల్లకు ఒక్కో నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఎప్పుడు పడుకుంది, ఎంత తింది, దొడ్డికి ఎలా వెళ్లింది, కొత్తగా ఏం చేసింది, అన్నీ అందులో ఉంటాయి. సాయంత్రం తల్లి ఇంటికి రాగానే ముందు ఆ పుస్తకం చదవాలి, తర్వాతే పిల్లను ఎత్తుకోవాలి. ఇది నా షరతు.

రెండో షరతు, పిల్లకు షిఫ్టు లేదు. ఇది బొగ్గు గనుల ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. తండ్రికి ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఇంకో వారం రాత్రి. డ్యూటీ నుంచి ఎప్పుడొస్తే అప్పుడు బిడ్డతో ఆడుకోవాలని ఉంటుంది పాపం. తప్పేం లేదు. కానీ పిల్ల నిద్ర కూడా వారానికోసారి మారితే దాని ఆకలి, ఏడుపు అన్నీ గందరగోళమే. ఈ విషయంలో నేను ఎంతోమంది తండ్రులతో గొడవపడ్డాను. ఒకాయన "నా బిడ్డను నేను లేపుకుంటే నీకేంది?" అన్నాడు. "లేపుకో తమ్మి. మల్ల పండవెట్టుడు గూడ నువ్వే" అని చెప్పుల్లో కాళ్లు పెట్టాను. అరగంటకు వాళ్లావిడ ఫోను చేసింది, రమ్మని.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ల కిందట ఓపెన్‌కాస్టు గనికి దగ్గరలోని ఒక క్వార్టర్‌లో చేరాను. ఓపెన్‌కాస్టు అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ వెళ్లే గని. తల్లి గని ఆఫీసులో గుమస్తా. తండ్రి అదే గనిలో బ్లాస్టరు, అంటే రాతిలో మందు కూరి పేల్చే పని. నేను చేరేసరికి పాపకు నాలుగు నెలలు. బొద్దుగా, పెద్ద పెద్ద కళ్లతో, మనిషి కనపడితే చాలు నోరంతా తెరిచి నవ్వేది. ఏడుపు తక్కువ. చప్పుళ్లకు లేచేది కాదు. ఇంత సుఖంగా ఏ పిల్లా నన్ను చూసుకోనివ్వలేదని మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను.

రోజూ మధ్యాహ్నం రెండు దాటాక సైరన్ మోగుతుంది. కాసేపటికి బ్లాస్టింగు. ఇల్లు ఒక్కసారి కదులుతుంది. అలమరలో గిన్నెలు గలగలమంటాయి. గోడ పగుళ్లలోంచి ఇంత దుమ్ము రాలుతుంది. మా ఊళ్లో దీన్నెవరూ పట్టించుకోరు, చేతిలో పని చేతిలోనే సాగుతుంది. కానీ ఇంట్లో పసిపిల్ల ఉంటే మాత్రం ఆ సమయానికి చాప వేసి పడుకోబెట్టి చూస్తారు. ఉలిక్కిపడిందా, చెవులు మంచివే. ఆ ఒక్క పరీక్షతో ఆ విషయం మరిచిపోతారు. పెద్దవాళ్లు అలాగే చూశారు, మేమూ అలాగే చూశాం. మా అమ్మాయిలిద్దర్నీ నేను అలాగే చూశాను.

ఈ పాప ఉలిక్కిపడింది. రెండు చేతులూ పైకి విసిరి, మొహం ఎర్రగా చేసుకుని, పెదవి విరిచింది. నేను నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాశాను: "బ్లాస్టింగుకు ఉలిక్కిపడింది. చెవులు బాగా వినిపిస్తున్నాయి."

వాళ్ల నాన్నకు అదొక మురిపెం. బ్లాస్టింగు పగలే కనుక ఆయనది ఎప్పుడూ పగటి డ్యూటీయే. నాలుగింటికి ఇంటికొచ్చి, స్నానమైనా చేయకుండా గుమ్మంలోంచే అడిగేవాడు. "అక్కా, ఇయ్యాల నా పటాకి ఇన్నదా బిడ్డ?"

"ఇన్నది తమ్మి. ఎగిరిపడ్డది."

"నేనే పేల్చిన్నని ఎరుకైందంటవా?"

"ఎరుకైంది. మా నాయిన గింత లొల్లి ఎందుకు జేస్తున్నడని అడిగింది."

ఆయన పొంగిపోయేవాడు. పాపకు ఊహ తెలియకముందే తన పని చేరిపోయిందని ఆయన సంతోషం. అడగని రోజు లేదు, నేను చెప్పని రోజూ లేదు.

పాపకు పదో నెల వచ్చింది. ఆ వయసుకు నేను చూసిన పిల్లలంతా తాతతా, దదదా అని ఇల్లు ఎగరగొట్టేవాళ్లు. ఈ పాప మొదట్లో ఏవో కూతలు కూసేది. రాను రాను అవి తగ్గాయి. నెమ్మది పిల్ల అనుకున్నాను. అనుకున్నదే రాశాను కూడా.

ఒక మధ్యాహ్నం పాపను భుజాన వేసుకుని వరండాలో నిలబడి ఉన్నాను. సైరన్ మోగింది. బ్లాస్టింగు అయింది. వెనక ఇంట్లో గిన్నె ఒకటి కింద పడింది, వీధి కుక్కలు మొరిగాయి. పాప నా భుజం మీద కదలలేదు. నిద్రపోయిందేమోనని మొహం చూశాను. కళ్లు తెరిచే ఉంది. నా చెవి కమ్మను వేలితో తిప్పుకుంటూ ఆడుకుంటోంది.

మర్నాడు చాప మీద పడుకోబెట్టాను. ఎప్పటిలాగే ఉలిక్కిపడింది. ఆ మర్నాడు మళ్లీ ఎత్తుకున్నాను. ఏమీ లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పాను. డ్రిల్లింగు చేసి చేసి ఆయనకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. టీవీ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. రెండుసార్లు అరిచి చెబితే గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక టీవీ ఆపేశాడు.

"బాయిల మాకు చెవులెక్కడ పనిజేస్తయే? మిషిని మోతల ఏమినవడ్తది? అవుతల ఎక్కడన్న పేలిస్తె కాళ్లకే ఎరుకయితుండె. ఆ పోరి గూడ గట్లనే ఇంటున్నదేమొ" అన్నాడు.

పాప వింటున్నది నేలను. చప్పుడును కాదు. ఆరు నెలలుగా రోజూ నా కళ్ల ముందే ఉంది, నేను దాన్ని నా చేత్తోనే "చెవులు బాగా వినిపిస్తున్నాయి" అని రాసిపెట్టాను. పిల్లల విషయంలో నేను అంతగా సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

వెంటనే తల్లికి చెప్పాలి. కానీ భయం వేసింది, ఉన్నమాట చెప్పాలంటే. అంతకుముందు ఒక ఇంట్లో బాబు కాలు కాస్త ఈడ్చి పాకుతున్నాడని చెప్పినందుకు "డాక్టరువా నువ్వు?" అని మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆ బాబును మళ్లీ చూడనే లేదు. ఈ పాప దగ్గర్నుంచి కూడా అలా పంపించేస్తే ఇక దాన్ని పట్టించుకునే వాళ్లెవరు? ఏడాది లోపు కనిపెడితే మాట నేర్చుకోవడం సులువని, ఆలస్యమయ్యే కొద్దీ కష్టమని శిక్షణలో చెప్పింది నాకు బాగా గుర్తుంది. నోటికొచ్చింది చెప్పి లాభం లేదు, వాళ్లు కాదనలేని విధంగా చెప్పాలి అనుకున్నాను.

పన్నెండు రోజులు చూశాను. చాప మీద ఉంటే ఉలికిపాటు. మంచం మీద కొంచెం. చీర ఉయ్యాలలో లేదు. భుజం మీద లేదు. పక్కనే కుక్కరు కూత వేస్తే తిరగలేదు. వెనకనుంచి పిలిస్తే తిరగలేదు, నా నీడ పడితే తిరిగింది. ఈసారి చూసిందే రాశాను.

ఒక ఆదివారం, సెలవైనా, మంచి చీర కట్టుకుని పుస్తకం పట్టుకుని వెళ్లాను. తల్లి, తండ్రి, పల్లె నుంచి వచ్చిన నానమ్మ ముగ్గురూ ఉన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చదివాను. చదవడం అయ్యేసరికి తల్లి మొహంలో రక్తం లేదు. నానమ్మ లేచింది.

"ఏం మాటలమ్మ గవి? బంగారమసొంటి పొల్లకు దిష్టి పెడ్తున్నవా?" అని పాప వెనక్కి వెళ్లి చేతులు రెండూ బలంగా చరిచింది. పాప తిరిగి చూసి నవ్వింది. "సూసినవా? ఎట్ల మర్లి సూసింది!"

"నీ చేతుల గాలి తాకింది అవ్వా. జెర దూరంకెళ్లి కొట్టు."

ఆమె కొట్టలేదు. నా వంక చూసిన చూపుకు ఇంకొకరైతే వెళ్లిపోయేవాళ్లు. తండ్రి గొంతు పెంచాడు.

"రోజు నా పటాకికి ఎగిరిపడ్తది అన్నది నువ్వే గద అక్కా! ఇప్పుడు ఇనవడ్తలేదంటే ఎట్ల?"

"అన్న తమ్మి. తప్పయింది. నేనే తప్పు సూసిన" అన్నాను. "నువ్వు ఒక్కనాడన్న సూసినవా? పేలేటప్పుడు నువ్వు బాయి కాడ ఉంటవు. ఆదివారం ఇంట్ల ఉంటే బ్లాస్టింగే ఉండది. ఒక్కరోజు లీవు పెట్టు. భుజం మీద ఎత్తుకోని నిలవడు. బిడ్డ ఎగిరిపడితె నేను మల్ల ఈ గడప తొక్క."

నేను పుస్తకం అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చాక, అంత మాట ఎందుకన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. గడప తొక్కనని అన్నాను గానీ, ఆ పాపను చూడకుండా ఉండగలనా?

సోమవారం పొద్దున వెళ్లేసరికి ఆయన లుంగీ మీద ఇంట్లోనే ఉన్నాడు. లీవు పెట్టాడు. తల్లి కూడా పెట్టింది. నానమ్మ నాతో మాట్లాడలేదు గానీ చాయ్ పోసి ముందుంచింది. ఆ పూట పెద్దవాళ్లం నలుగురం పాప చుట్టూ తిరుగుతూ, గడియారం వైపు చూడనట్టు నటిస్తూ గడిపాం.

రెండు దాటింది. సైరన్ మోగింది. ఆయన పాపను భుజాన వేసుకుని గది మధ్యలో నిలబడ్డాడు. పాప ఆయన చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

పేలింది. గిన్నెలు గలగలమన్నాయి. ఎగిరిపడ్డది ఆయన! రోజూ వేల టన్నుల రాయిని పేల్చే మనిషి, ఇంట్లోంచి ఆ మోత ఎలా ఉంటుందో ఎన్నడూ విననట్టు అదిరిపడ్డాడు. ఆ అదురుకు పాప గుండీ వదిలి తలెత్తి తండ్రి మొహంలోకి చూసింది. ఏదో కొత్త ఆట అనుకుంది కాబోలు, పకపకా నవ్వింది.

ఆయన మెల్లగా మంచం మీద కూర్చున్నాడు. "అక్కా, ఎక్కడికి తీస్కపోవాలె?" అన్నాడు.

వారం తిరక్కుండా హైదరాబాదు వెళ్లాం. నన్నూ రమ్మన్నారు, పాప నా దగ్గరైతేనే త్వరగా పడుకుంటుందని. పాపను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు. రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువ, కానీ మిషన్లు పెడితే వినిపిస్తుంది, మాటలూ వస్తాయి అని డాక్టరమ్మ చెప్పింది. పెద్ద చప్పుళ్లకు ఉలిక్కిపడుతోంది కదా అని ఏళ్లు గడిచాక తీసుకొచ్చేవాళ్లు ఉంటారట. మీరు త్వరగానే వచ్చారు, ఎవరు కనిపెట్టారని అడిగింది. తల్లి సంచిలోంచి నా పుస్తకం తీసి ముందు పెట్టింది. డాక్టరమ్మ పన్నెండు రోజుల పేజీలూ చదివి, "ఎవరు రాశారు ఇది?" అంది.

"మా అక్క. మా పాపను పెంచుతది" అంది తల్లి. నేను చెప్పివ్వలేదు ఆ మాట. ఆమే అంది.

ఈ సంగతి కాలనీలో పాకిపోయాక నా పని బాగా పెరిగింది. రామగుండం నుంచి, నది అవతల మంచిర్యాల నుంచి కూడా కబుర్లు వస్తాయి. శిక్షణ ఇచ్చిన చోటే ఇప్పుడు కొత్తగా చేరిన ఆడవాళ్లకు నెలకోసారి పాఠం చెబుతున్నాను. నా మొదటి పేజీ తప్పును చూపించే మొదలుపెడతాను. ఎత్తుకున్నప్పుడు కూడా చూడాలని మా కాలనీలో ఇప్పుడు అందరికీ తెలుసు. అసలు దవాఖానలోనే చూపించండి అని నేను పోరుపెడుతూనే ఉంటాను. నా నోటికి భయపడి కొందరు వెళ్తారు కూడా. ఇంత సంతృప్తి ఇంకే పనిలో దొరికేదో నాకు తెలియదు.

కానీ ఆ మిషన్లు పెట్టిన రోజు సంగతి వేరు. పాపకు ఏడాది నిండిన నెల అది. మళ్లీ హైదరాబాదు. చిన్న గదిలో తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, రెండు చెవులకూ మిషన్లు తగిలించి, మెల్లగా మీట తిప్పారు. పాప ముందు బిగుసుకుపోయింది. తర్వాత గట్టిగా ఏడ్చింది. తన ఏడుపు తనకే వినిపించి ఠక్కున ఆపేసింది. ఆ ఏడుపు ఆపడం చూసి తండ్రి గోడ వైపు తిరిగిపోయాడు. తల్లి ఒళ్లోని బిడ్డను పేరు పెట్టి ఆపకుండా పదిసార్లు పిలిచింది. ప్రతిసారీ పాప కళ్లు పైకెత్తి తల్లి పెదవుల్నే చూసింది.

నేను వెనక, తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మాట్లాడకుండా ఉండాలనే అనుకున్నాను, అది తల్లిదండ్రుల సమయం. నా నోరు ఊరుకుంటే కదా. "బంగారం, బువ్వ తిందమా?" అనేశాను.

పాప గిరుక్కున తిరిగింది. నన్ను చూసింది. ఎప్పటిలా నోరు తెరిచి నవ్వింది. తర్వాత తల వంచి, నన్ను దాటి, నా వెనక తలుపులోకి తొంగి చూసింది. మళ్లీ అన్నాను. మళ్లీ నా పక్కనుంచి వెనక్కి చూసింది, ఆ మాట్లాడుతున్నది ఎవరా అని.

ఎనిమిది నెలలు. నీళ్లు పోస్తూ, బువ్వ పెడుతూ, చీర ఉయ్యాల ఊపుతూ ఆ పాపతో నేను చెప్పని ముచ్చట లేదు. నా మొహం తెలుసు, నా చేతులు తెలుసు, నా చెవి కమ్మ తెలుసు. నా గొంతు ఎవరిదో తెలియదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ దాచుకోలేదు.

"అయ్యో అక్కా, నిన్ను గుర్తువడ్తలేదు" అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ.

"ఎట్ల గుర్తువడ్తది చెల్లె? ఇయ్యాల్నే గద మేమిద్దరం మాట్లాడుకునుడు షురువైంది" అన్నాను. వెళ్లి పాప ఎదురుగా నేల మీద కూర్చున్నాను. దాని చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకుని, నేనెవరో చెప్పడం మొదలుపెట్టాను.